మూడు మీటర్ల ముడి

నేను నీళ్ళలోకి దిగను.
పంటు మీద కూర్చుని గాలి పంపుతాను.
లోవరాజు నోటికీ నా కంప్రెసరుకీ మధ్య
పసుపుపచ్చ గొట్టం,
దాని పక్కనే కొబ్బరిపీచు తాడు.
ఒక్క లాగు: బాగున్నా.
రెండు: గాలి చాల్లేదు.
మూడు: లాగెయ్.

వైనతేయ పాయ మీద పాత వంతెన.
ఏడో స్తంభం మొదట్లో వరద తవ్విన గొయ్యి,
పందొమ్మిది మీటర్లు.
పైనుంచి చూస్తే ఏముంది,
టీ రంగు నీళ్ళు, కొట్టుకొచ్చిన గుర్రపుడెక్క.
లోతు గేజీ ముల్లుకే తెలుసు.
వాడు దిగుతుంటే అది గీతగీతకీ బరువెక్కుతుంది.
పది మీటర్లకోసారి
నెత్తిమీదున్న ఆకాశమంత బరువు
ఇంకోటొచ్చి కూర్చుంటుందని
ఇంజినీరు గారు చెప్పారు.
నెత్తిమీద ఒకటి ముందే ఉందని
అప్పటిదాకా నాకు తెలీదు.
పుట్టినప్పట్నుంచీ మోస్తున్నది
బరువని ఎవరికి తోస్తుంది?

రోహిణికార్తెలో రేవు దగ్గర సోడాల భూషణం
పెట్టెల మీద తడిగోనె కప్పుతాడు.
ఎండ తగిలితే సీసాలో గ్యాసుకి నిద్రపట్టదండీ, అంటాడు.
అయినా మిట్టమధ్యాహ్నం ఏదో ఒకటి
ఠప్పున పేలుతుంది.
పేలనివి మనకిస్తాడు.
గోలీ నొక్కగానే కీచుమని
అడుగునుంచి తెల్లగా బుడగలు లేస్తాయి.
అందరూ తాగుతారు.
నేను మాత్రం మజ్జిగ చాలంటాను.

పోయిన మాఘమాసంలో వాడి బావమరిది పెళ్ళి,
అరకు అవతల, కాఫీతోటలో.
ఆ రోజు మూడు మునకలు వేశాడు.
సాయంత్రం బస్సు అందాలి.
తాడు మూడుసార్లు లాగాడు.
లాగేశాను.
గేజీ చూస్తూనే,
ఆగాల్సిన చోటు తెలిసే,
లాగేశాను.
తల తుడుచుకుని, పిల్లని చంకనేసుకుని
అమలాపురం వైపు పరిగెత్తాడు.

తెల్లారేసరికి అనంతగిరి ఘాటీ.
పిల్ల చేతిలో చిప్స్ పొట్లం
ఎవరూ ఊదకుండానే దిండులా ఉబ్బిందట.
"నాన్నా, దీనికి కడుపొచ్చింది" అందట.
బస్సంతా నవ్వారట.
వాడూ నవ్వబోయాడు.
అప్పుడు పట్టుకుంది భుజం,
ఆ తర్వాత రెండు మోకాళ్ళూ.

పైన ఆకాశం పలచబడేకొద్దీ
గోదారి అడుగున మింగిన గాలి
వాడి నెత్తుట్లో గోలీ నొక్కింది.

పందిట్లో జనం శాలువాలు కప్పుకుంటే
వాడికి చెమటలు.
తాళి కట్టేదాకా పళ్ళు బిగబట్టాడు.
అక్షింతలు ఎడంచేత్తో వేశాడు,
ఎవరో తప్పు పట్టారు కూడా.
కేబేజీల వ్యాన్లో కొండ దిగాడు.
మలుపు తిరిగినప్పుడల్లా నొప్పి
ఒక మెట్టు కిందికి దిగిందంటాడు.
విశాఖలో ఓ ఇనపగదిలో పడుకోబెట్టి
తలుపు బిగించి గాలి నొక్కారట,
మళ్ళీ పద్దెనిమిది మీటర్లు.
నీళ్ళు లేని గోదారి, అన్నాడు వచ్చాక.
అంతకంటే ఏమీ చెప్పలేదు.
ఎడమకాలు కొంచెం ఈడుస్తాడు.

చంద్రకాంతం పంటు మీదకొచ్చింది ఒకరోజు.
తిడుతుందనుకున్నాను.
తాడు చివర్నుంచి కొలుచుకుంటూ వచ్చి
మూడు మీటర్ల దగ్గర
ఎర్రచీర పేలిక ముడేసి,
పళ్ళతో బిగించి
వెళ్ళిపోయింది.

ఇప్పుడు ముడి చేతికి తగిలితే ఆపేస్తాను.
వాడింకా టీ రంగు చీకట్లోనే.
గాలివాలు చూసుకుని,
పొగ కంప్రెసరులోకి పోకుండా
చుట్ట వెలిగిస్తాను.
కిందనుంచి లాగుతాడు. మూడు. మళ్ళీ మూడు.
బూతులు తిడుతున్నాడని
తాడు పట్టుకున్న చేతికి తెలుస్తూనే ఉంటుంది.
ఆవగింజల్లా బయల్దేరిన బుడగలు
పైకొచ్చేసరికి రేగుపళ్ళంతై
పంటు పక్కన పగులుతుంటాయి.
చుట్ట అయిపోతుంది.

రెండోది తీస్తాను.